లోపల వదిలిన గుడ్డ

మొదటిసారి వచ్చినప్పుడు దానికి పద్నాలుగేళ్లు.
పెరంబూరు రైల్వే క్వార్టర్స్ నుంచి నడిచి,
చెప్పులు చేత్తో పట్టుకుని, వానలో.
ఫిట్టరు ఏసురత్నం మూడో కూతురు, దానమ్మ.
క్రిస్మస్ క్వయరుకి తెల్ల గౌను కావాలి.

టేపు చుట్టాను. ఇరవై తొమ్మిది.
"ఆగండి మాస్టర్" అని ఊపిరి పీల్చింది.
టేపు నా వేళ్లలోంచి జారింది.
ముప్పై రెండున్నర.
"రెండూ రాసుకోండి. డిక్రూజ్ మిస్సు చెప్పింది,
గౌను గాలికి కుట్టాలంట, ఒంటికి కాదంట."

యాభై ఏళ్లుగా కుడుతున్నాను వేపేరిలో.
పెళ్లికూతుళ్లకి కుట్టాను, పోలీసులకి కుట్టాను,
ఒకసారి సర్కసు చింపాంజీకి కూడా.
గాలికి కుట్టమన్నది ఈ పిల్ల ఒక్కతే.

నా నోటుబుక్కులో ఆమెకో పేజీ. రెండు గళ్లు:
పీల్చి, వదిలి.
మధ్యలో తేడాని ఎర్ర పెన్సిలుతో వేసేవాణ్ణి,
ఇంట్లో పిల్లల ఎత్తు గోడ మీద గీసుకున్నట్టు.
మూడున్నర. నాలుగు. నాలుగుంపావు.
ఆ ఏడే వియన్నా వెళ్లింది.
వాళ్ల నాన్న పీఎఫ్ లోను తీశాడు,
లోకో షెడ్డు వాళ్లు తలా పది వేశారు.

తరవాత కొలతలు ఉత్తరాల్లో వచ్చేవి.
అక్కడి దర్జీలు బిగించేస్తారంట, బొమ్మకి తొడిగినట్టు.
"మాస్టర్, ఈసారి దగ్గుతూ చావాలి,
పడుకునే పాడాలి, వీపు దగ్గర వదులు."
"మాస్టర్, ఈసారి పొడిచి చంపుతారు,
నెత్తురు కనపడాలి, లేత రంగు వేయండి."
ఎన్ని చావులకి కుట్టానో ఆ అమ్మాయికి!
ప్రతి చావుకీ చంకలో రెండంగుళాలు ఎక్కువ వదిలాను,
లోపలికి మడిచి, కావాలంటే విప్పుకునేలా.

పోస్టర్లు పంపేది. వాటి మీద దానమ్మ లేదు,
డానా రత్నం అని ఎవరో.
కాలరు చూసి గుర్తుపట్టేవాణ్ణి.

ఒక్కసారే విన్నాను. ఎగ్మోరు మ్యూజియం థియేటర్లో,
నెమలికంఠం పట్టు, నేనే కుట్టింది.
ఏ భాషో తెలియదు. మా ఆవిడ ఏడుస్తోంది.
ఎందుకే అంటే "ఊరుకోండి" అంది.
నిజం చెప్తున్నా, నేను పాట వినలేదు.
చంక కింద కుట్టు చూస్తూ కూర్చున్నాను.
ఆమె పైకి వెళ్తోంది, ఇంకా పైకి, మిద్దె మీద మిద్దె,
దూలాల మీద పావురాలు లేచాయి,
అప్పుడు ఒక్క పోగు తెగింది, టప్పని.
హాలంతా చప్పట్లు.
ఆ టప్పే నాకు ఇప్పటికీ వినపడుతుంది.

పోయిన ఆడి మాసంలో ఆటో దిగింది.
ఊపిరితిత్తి ఒకటి సగం తీసేశారంట.
మాట గరగర, ఇసక మీద బిందె జరిపినట్టు.
"కొలవండి" అంది.
పీల్చింది. వదిలింది.
నేను టేపుని అటూ ఇటూ సర్దుతూ ఉంటే
తనే వంగి చదివింది: "ఒకటింపావు. రాయండి మాస్టర్.
అబద్ధం రాస్తే డిక్రూజ్ మిస్సు సమాధిలోంచి లేస్తుంది."
రాశాను.

సంచిలోంచి ఆ పట్టు గౌను తీసింది.
"చర్చి పిల్లలు పదకొండు మంది. మెడ పట్టీలు వస్తాయా ఇందులో?"
వస్తాయి. పదమూడైనా వస్తాయి.

కత్తెర పెట్టే ముందు కుట్లు విప్పాను.
పైన గుడ్డంతా వెలిసిపోయింది,
దీపాలకి, చెమటకి, ఎన్నో ఊళ్ల ఇస్త్రీలకి.
చంకలో నేను మడిచి వదిలిన రెండంగుళాలు,
ఆమె ఎన్నడూ విప్పించుకోనివి,
కొట్లో చించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే,
పచ్చా నీలమూ ఒకదాన్నొకటి తరుముకుంటూ.

సన్న పీలిక. పట్టీకి చాలదు,
పారేయడానికి చెయ్యి రాలేదు.
ఇదెవరికి కుట్టను అన్నాను.
దానమ్మ దగ్గింది, నవ్విందేమో కూడా.
"ఆదివారం టేపు తీసుకుని రండి."