తల నీడ

పెట్టెలకెళ్లి తలను తీసుడు నా పని.
బూడిద రంగు రబ్బరు తల. కండ్లు లేవు, నోరు లేదు.
చెవులు మాత్రం ఎవరో మనసు పెట్టి చెక్కిండ్రు,
లోపలి మడతలతో సహా.
మనకు పొర ఉండే కాడ దానికి గోరంత మైకు.

జుబైల్‌ల సముద్రాన్ని మంచినీళ్లు చేసే ప్లాంటు.
మూడో నంబరు పంపు పక్కన, పసుపు గీత మీద,
నా ఎత్తుకు నిలబెడతం దాన్ని.
ఇంజనీరు నిదాల్ పదిహేను డిగ్రీలు తిప్పమంటడు.
తిప్పుత. ఇంకో పదిహేను.

"సన్న కూత తలను దాటదు,
బొంగురుది తలను సుట్టుకొని పోతది.
ఆగినంత మేర అవతలి చెవి మీద నీడ."
నీడ!
జూన్ నెల, పగటి పదకొండున్నర,
ఇనుప గొట్టాల నీడ గొట్టాల కిందికే దూరింది.
దీనికి మాత్రం ఒక చెవి చల్లగుంది.

రెండు చెవులకు నడుమ
సెకనుల వెయ్యో వంతు కూడా ఆలస్యం లేదంట.
ఆ కాసింతతోనే మనిషి
లారీ ఎటు దిక్కు నుంచి వస్తుందో పసిగడతడంట.

నేనేమన్లే.
సిరిసిల్లల పదకొండేండ్లు నడిపిన.
ఎడమ దిక్కు ఆరు సాంచాలు, కుడి దిక్కు గోడ.
చప్పుడు అలవాటైతే నిద్రొస్తదనేటోడు నాయిన.
ఎడమ చెవికి ముందుగాల వచ్చింది.

మెడికల్‌ల కూత వినబడ్డప్పుడల్లా వేలెత్తమన్నరు.
నర్సమ్మ బొటనవేలు కదిలినప్పుడల్లా ఎత్తిన.
పాసైన.

పోయిన వారం వెనక్కొస్తున్న ఫోర్క్‌లిఫ్టు
నాకు అన్ని దిక్కుల నుంచి ఒక్కసారే కూసింది.
బంగ్లా పోరడు రఫీకుల్ అంగీ పట్టి గుంజకుంటే
ఈ ముచ్చట ఇంకెవరో చెప్పాలె.

ఇయ్యాల తెర మీద ఒక గీత ఎగురుతుంది,
ఇంకోటి పండుకుంది.
"ఎడమది చచ్చింది," అన్నడు నిదాల్.
నా చెయ్యి నా చెవి మీదికి పోయింది.
ఆయన కేబులు మార్చిండు. గీత లేచి నిలబడ్డది.

"సారు, ఈ తల ఎవరిది?"
"ఎవరిదీ కాదు. మస్తుమంది తలలు కొలిచి సగటు తీసిండ్రు."
మా సాంచాల కాడికి టేపు పట్టుకొని
ఎవరూ వచ్చినట్టు యాదికి లేదు.

రాత్రి క్యాంపుల
కుడి చెవిని దిండుకు ఒత్తుకొని పండుకుంట.
పదిమంది గురక, ఏసీ, పక్క మంచం ఫోను, అన్నీ బంద్.
అలారం కూడా బంద్.
నాలుగింటికి రఫీకుల్
కాలి బొటనవేలు గుంజి లేపుతడు.