పదిహేడో టెర్మినల్

ఆటోనగర్లో మా ఆఫీసు మేడమీద.
కింద షెడ్డులో ఎల్లాజీ
ఫిషింగ్ హార్బరు ఐస్ ఫ్యాక్టరీకి ప్యానెల్ కడుతుంటాడు.
పైన నేను అదే ప్యానెల్ని
ఒక్క వైరు ముక్కా ముట్టుకోకుండా కడుతుంటాను.

నా తెరమీద టెర్మినల్ అంటే
ఒక చిన్న సున్నా, పక్కన ఒక అంకె.
దాని ఎడమ చెయ్యి ప్యానెల్లోకి,
కుడి చెయ్యి ఊళ్ళోకి.
లోపలి కాంటాక్టర్లు, రిలేలు, ఫ్యూజులు
నాకు పేరుపేరునా తెలుసు.
బయటివాళ్ళే తెలీదు:
కంప్రెసరు, ఉప్పునీటి పంపు,
తొట్టిలో తేలుతూ మునుగుతూ ఉండే ఫ్లోటు స్విచ్చి.
కేబుల్ జాబితాలో తప్ప
ఎక్కడా ఎదురుపడలేదు.

క్లిక్ చేస్తే వైరు పుడుతుంది.
దానికి బరువు లేదు,
రాగి ధర తెలీదు,
గాజువాక మీదుగా వచ్చే ఉప్పుగాలి
దాని ఒంటికి తగలదు.

ఆ సాయంత్రం పార్టీ ఫోన్ చేసి
హూటరు ఒకటి కావాలన్నారు.
కొత్త టెర్మినల్ పెడితే కిందివన్నీ నంబర్లు మారతాయి,
ఎల్లాజీ అప్పటికే సగం ఫెర్రూళ్ళు ఎక్కించేశాడు.
అందుకని పదిహేడు కుడి చేతికే
రెండో వైరు కూడా అందించాను.
సాఫ్టువేరు కిక్కురుమనలేదు.
తప్పులు: సున్నా, అంది.
ప్రింటు తీసి కిందికి పంపాను.

అరగంటకి మెట్లమీద చెప్పుల చప్పుడు.

"మేడమ్, ఈ పదేడు ఎవులు రాసినారు?"
"నేనే. ఏమైంది? సాఫ్టువేరు ఒప్పుకుంది."
"దానికేటి, ఒప్పుకుంటాది.
అదేమన్నా రేవులో ఉంటాదా?
ఒక స్క్రూ కింద రెండెడితే
బిగించినప్పుడు రెండూ బిగిసినట్టే ఉంటాయి.
కంప్రెసరు ఒణుకుద్ది. రేయీ పగలూ ఒణుకుద్ది.
ఒణికీ ఒణికీ ఒకటి జారతాది.
ఏది జారిందో ఆ స్క్రూకే తెలీదు."

కిందికి తీసుకెళ్ళాడు.
నేను టైపు చేసిన అంకెలు
పసుపు గొట్టాలై అతని అరచేతిలో ఉన్నాయి,
ఎక్స్-రెండు, పదకొండు. ఎక్స్-రెండు, పన్నెండు.
నా అక్షరాలకి ఇంత చిన్న ఒళ్ళుంటుందని
నాకెవరూ చెప్పలేదు.

ఎనిమిదేళ్ళు బోటు ఇంజను దగ్గర పనిచేశాడట.
ఒక రాత్రి నీళ్ళు తోడే పంపు ఆగిందట,
ఒక వదులు వైరు వల్ల.
ఆ తర్వాతి మాట చెప్పలేదు.
కుడిచేతి మూడో వేలికి గోరు లేదు,
నేనూ అడగలేదు.

"లాగి సూడండి," అన్నాడు.
"ఏది?"
"అన్నీ."

ఒకటి లాగాను. కదల్లేదు.
రెండు, మూడు, నాలుగు
మొండిగా, బతికున్నవాటిలా, ఎదురు లాగాయి.
తొమ్మిదోది
మెత్తగా నా వేళ్ళలోకి వచ్చేసింది.
పిన్ను టెర్మినల్లో ఉండిపోయింది.

అది అతను కట్టిందే.

స్టీల్ ప్లాంటు బస్సొకటి రోడ్డుమీద పోయేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.
తర్వాత వైరు చివర కత్తిరించి,
తోలు ఒలిచి, కొత్త పిన్ను తొడిగి,
ప్లయరు రెండుసార్లు నొక్కి,
"అందుకే లాగమన్నాను," అన్నాడు
నా వైపు చూడకుండా.

పైకొచ్చి నా గీతని మౌసుతో పట్టి లాగాను.
సాగింది. తెర ఈ అంచునుంచి ఆ అంచుదాకా
సాగుతూనే ఉంది.
వదిలితే మళ్ళీ దాని చోటే.
ఎంత లాగినా ఊడని దాన్ని చూసి
ఏడేళ్ళలో మొదటిసారి నాకు భయమేసింది.

స్ట్రిప్పు చివర స్పేరుగా వదిలినవాటిలో ఒకటి తీసి
పదిహేడు పక్కకి జరిపాను.
పదిహేడు-ఏ అని పేరెట్టాను,
మిగతా నంబర్లేవీ చెదరకుండా.
రెంటికీ మధ్య ఒక బ్రిడ్జి.
రివిజన్ సి.

గీసినవారు అన్న గడిలో నా పొట్టి పేరు.
పరిశీలించినవారు అన్న గడిలో
ఎప్పుడూ మా సారు పేరుంటుంది, చూడకపోయినా.
ఈసారి అక్కడ
మైలపల్లి ఎల్లాజీ అని టైపు చేశాను.

దీనికీ సాఫ్టువేరు
ఏమీ అనలేదు.