ఇతరములు

మా విభాగం పేరు బోర్డులో పట్టలేదు.
'అంతర్జాతీయ అభివృద్ధి, వర్ధమాన ఆర్థిక వ్యవస్థల అధ్యయన'
అక్కడితో రేకు అయిపోయింది.
'శాఖ' అన్న రెండక్షరాలు
మెట్టు దిగినట్టు కింద రాశాడు పెయింటరు.
వాల్తేరు ఉప్పుగాలి
ముందు మేకుల్ని తిన్నది, తర్వాత అక్షరాల మీద పడ్డది.
'వర్ధమాన'లో ధ-వత్తు రాలి రెండు వానాకాలాలు.
దిద్దడానికి బడ్జెట్లో పద్దు లేదట.

లోపల గోడకి ప్రపంచపటం.
పసుపు రంగువి ఎదుగుతున్న దేశాలు.
చెమ్మ దిగి ఆఫ్రికా, మనమూ
ఒకే మరకలో ఉన్నాం.
పట్నాయక్ మేడమ్ కర్రతో చూపిస్తుంది
తలసరి ఆదాయం, ఎగుమతుల వాటా,
రెండు గీతలు, ఎక్కడా కలవవు.
కిటికీ అవతల లంగరేసిన ఓడలు
హాజరు పిలుపు కోసం నిలబడ్డ పిల్లల్లా.

ఈ వేసవి నాకిచ్చిన పని రెండువందల కుటుంబాలు.
ఫిషింగ్ హార్బరు వెనక, ఐసు ఫ్యాక్టరీ గోడవార
మైలపల్లి నూకాలమ్మ, వరుస సంఖ్య ఇరవై మూడు.
"నెలసరి ఆదాయం?"
"ఏ నెల్దే గుంటా?
ఏటున్న నెల్దా, ఏట నిషేదం నెల్దా,
తుపానొస్తాదని రేడియోలోడు బోట్లు కట్టీమన్న నెల్దా?"
గడి ఒకటే ఉంది. అంగుళం పొడవు.
"పొదుపు?"
"ఉంది. అప్పిచ్చినోడి కాడుంది."
"వృత్తి?"
ఇసక మీద పరిచిన నెత్తళ్ళ వైపు చెయ్యి విసిరింది.
కాకుల్ని తోలిన చెయ్యే, జవాబూ అదే.
కోడ్ల పట్టీలో బోటు యజమాని ఉన్నాడు,
కలాసీ ఉన్నాడు, ఎగుమతిదారుడున్నాడు.
ఎండబెట్టే మనిషి లేదు.
తొమ్మిది వేశాను.
ఇతరములు.

నా వెంట చిలేషే వచ్చాడు, జాంబియా వాడు.
ఎనిమిది నెలలుగా మెస్సులో పప్పు తింటున్నాడు.
గొంతుక్కూర్చుని ఒక నెత్తలిని ముక్కు దగ్గర పెట్టుకుని
కాసేపు కళ్ళు మూసుకున్నాడు.
టాంగన్యీకా సరస్సు ఒడ్డున వాళ్ళ నాయనమ్మ
ఇంతే చేపని, ఇలాగే, ఇసక మీద ఎండేసి
'కపెంటా' అని కేకేసి, కప్పుతో కొలిచి అమ్ముతుందట.
నేనది తెలుగు చేసేలోపు
నూకాలమ్మ తవ్వ పైకెత్తి చూపించింది.
"మీ కాడ ఇదెంత?"
అతను వేళ్ళు విప్పాడు.
ఆమె నోటి మీద చెయ్యేసుకుంది.
"అంతకిచ్చీస్తే ఆ ముసిల్ది ఏటి తింటాది?"
బేరం మొదలైంది,
ఇక్కడ లేని మనిషి తరఫున, ఇక్కడ లేని చేపకి.
నా కాగితాలు రెండు ఎగిరి ఐసునీళ్ళలో పడ్డాయి.
ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

ఆ రాత్రి లైబ్రరీలో పాత థీసిస్ ఒకటి తిరగేశాను.
పోర్టు కింద పోయిన మా ఊరి సర్వే.
నూట పన్నెండో ఇల్లు మాది.
'పడవలు ఒకటి. పిల్లలు ఒకరు, ఆడ.
నష్టపరిహారం అందినది. ఇతరములు లేవు.'
లేవు.
ఆ ఏడాదంతా మా నాన్న
పడవ లేకపోయినా తెల్లారుజామున మూడింటికి లేచి
బయటికెళ్ళి గాలి ఎటుందో చూసి
మళ్ళీ వచ్చి పడుకునేవాడు.

నిన్న నూకాలమ్మ డిపార్ట్‌మెంటుకి వచ్చింది,
చిలేషే కోసం సంచీలో ఒక తవ్వ నెత్తళ్ళు.
అటెండరు ఆమెని రమ్మన్నాడు, వాసనని ఆపాడు.
సంచీ వదిలి లోపలికెలా వస్తుంది?
ఎండలో నిలబడి, రాత్రిబడి చదువుతో,
గాల్లో వేలు ఆడిస్తూ బోర్డు చదివింది.
"వ... ర... మా... న.
వరమానాల ఆపీసా ఇది?
ఒలే, మరి నీకెంతొస్తాదేటి, నెలకి?"

ఫెలోషిప్పు ఆగిపోయి ఇది అయిదో నెల.
"ఏ నెల్ది?" అన్నాను.