కుట్టు దారం

రోజుకి తొమ్మిది వందలు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే.
కలెక్టరాఫీసు వెనక గెస్టుహౌసు, రెండో గది.
ఢిల్లీ నుంచి వచ్చిన ఇద్దరు ఇంగ్లీషులో అడుగుతారు,
నేను తెలుగు చెయ్యాలి.
ఆయన తెలుగులో చెబుతాడు,
నేను ఇంగ్లీషు చెయ్యాలి.
మధ్యలో నేనేమీ మిగుల్చుకోకూడదని
ముందే సంతకం పెట్టించుకున్నారు.

ఆయన పేరు కొల్లాబత్తుల దానియేలు.
గుంటూరు పెద్దాసుపత్రిలో ముప్పై మూడేళ్లు ఎక్స్‌రేలు తీశాడు.
ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి, అని చెప్పీ చెప్పీ
ఇప్పుడు ప్రతి జవాబుకీ ముందు
తనే కాసేపు బిగబడతాడు.

మొదటి ప్రశ్నకే తడబడ్డాను.
శాంక్షన్లున్న దేశమని తెలుసా, అన్నారు.
నేను నోరు తెరిచేలోపే
ఆ ఒక్క ముక్కా ఆయనకి అందింది.
మొహం విప్పారింది.
"శాంక్షనైందా? ఎప్పుడు?"

ఆయన తప్పేముంది.
పింఛను శాంక్షనవుతుంది, ఇంటి లోను శాంక్షనవుతుంది,
నాలుగు నెలలు తిరిగితే మోకాలి ఆపరేషనుకి డబ్బు శాంక్షనవుతుంది.
మన దగ్గర ఆ మాట తలుపు తెరుచుకున్న చప్పుడు.
సముద్రం దాటితే అదే గొళ్లెం.
ఆంక్షలండీ, అన్నాను మెల్లగా.
"ఓ, అదా! తెలుసు. తెలిసే పంపాం."

ఉన్నదున్నట్టు చెప్పాను.
వాళ్లు ఆ ఒక్క మాట కింద రెండు గీతలు గీశారు.

బ్రాడీపేటలో జిరాక్సు షాపు మీద గది.
స్నేహసంఘం సభ్యులు పదకొండుగురు, బతికున్నది ఏడుగురు.
బ్యాంకులో అరవై ఒక్క వేల చిల్లర, అదీ ఇప్పుడు గడ్డకట్టింది.
పద్నాలుగు అట్టపెట్టెలు: సూదులు, కంటి అద్దాలు,
గడువింకా ఏడాదున్న బిళ్లలు,
లాలాపేట మస్తాన్‌బీ బైండు చేసిన నోటుపుస్తకాలు,
ఆపరేషన్ గదిలో వాడే దారం.
నేరుగా పోనివ్వరని ఇంకో రేవుకి పంపారు.
చీటీ మీద దారానికెదురుగా రాసిందేమిటంటే
కుట్టు దారం, దర్జీ సామాను.

ఇది అబద్ధం కాదా, అడిగారు.
"కుట్టేదే కదండీ.
బట్టయితేనేం, పొట్టయితేనేం."

నాకు నవ్వొచ్చింది.
నవ్వు తర్జుమా చెయ్యలేదు.

ఆ తర్వాత వాళ్లన్న మాటకి
తెలుగులో కుట్ర అనే ఉంది.
కుట్టుకీ దానికీ ఒక్క వత్తు తేడా,
శిక్షలో ఏడేళ్ల తేడా.

కాగితంలో ఇంకో మాట: విదేశీ సానుభూతిపరులు.
"ఎవరూ విదేశీ? మాది సంగం జాగర్లమూడి."
ఆ దీవికి మీరు విదేశీయులండీ, అన్నాను.
ఆయన చాలాసేపు ఆలోచించాడు,
డెబ్బై రెండేళ్లకి మొదటిసారి ఎవరో పాస్‌పోర్టు ఇచ్చినట్టు.
"రెండో మాట కూడా బాలేదమ్మా.
సానుభూతి చావింట్లో చెబుతారు.
అక్కడ పిల్లలింకా బడికెళ్తున్నారు."

ఈ జిల్లాలో ఆ మాట పాతదే.
ఒకప్పుడు రాత్రిపూట ఎవరికో అన్నం పెట్టినందుకు
మా పెదనాన్నని అదే మాటతో తీసుకెళ్లారు.
అది నేనెవరికీ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

ఇంటికెళ్లి స్నానం చేస్తుంటే
పొత్తికడుపు మీద చెయ్యి ఆగింది.
ఆరేళ్ల కిందటి గీత.
ఆ రాత్రి ఆసుపత్రిలో దారం లేదని
మా ఆయన్ని నాజ్ సెంటర్ దాకా పరిగెత్తించారు.
షాపు తెరిచే ఉంది.
అంతే.

రెండో రోజు వాంగ్మూలం చదివి వినిపించాలి.
చదివాను. "తెలిసే" దగ్గర గొంతు పట్టేసింది.
ఆ మాట లేకుండా చదవొచ్చు,
ఢిల్లీ వాళ్లకి తెలుగు రాదు.
కానీ కాగితం మీద ఉండనే ఉంది, రెండు గీతల మీద.
ఆయన ఊపిరి బిగబట్టాడు.
నేనూ.

"అది ఉండనివ్వమ్మా," అన్నాడు.
"ఆ నోటుపుస్తకాల లెక్క మాత్రం దిద్దించు.
నాలుగు వందలు కాదు, నాలుగు వందల రెండు.
మస్తాన్‌బీ రెండు ఎక్కువ కుట్టింది."