మాట వినడం

బ్రేమర్‌హాఫెన్‌లో నవంబరు వాన.
కెఫే వెనకగదిలో తొమ్మిదిమందిమి,
కుర్చీల వీపుల మీద తడి కోట్లు.
కొత్తగా వచ్చిన హౌకే, వెల్డింగ్ పని, ముప్ఫైకి దగ్గర,
నోటుపుస్తకంలో నిలువుగీత గీసి
ఒకవైపు డామినెంట్, టాప్
ఒకవైపు సబ్మిసివ్, బాటమ్ రాసుకున్నాడు.
స్విచ్ ఎటో తెలీక
గీత మీదే రాశాడు.

"మీరు ఏ వరుస?" అన్నాడు నన్ను,
పెళ్ళిపందిట్లో చుట్టరికం తేల్చేవాడిలా.

పగలు నేను వేజర్ నది మీద పైలట్‌ని.
తాడునిచ్చెన పట్టుకుని పరాయి ఓడ ఎక్కుతాను.
"ఎడమకి పది" అంటే
రెండువందల మీటర్ల ఇనుము ఎడమకి తిరుగుతుంది.
అయినా ఓడ నాది కాదు.
కెప్టెన్ పక్కనే ఉంటాడు, కాఫీ ఊదుకుంటూ.
వద్దన్నాడా, ఆ క్షణాన నా మాట చెల్లదు.
చెప్పు హౌకే, అక్కడ ఏలిక ఎవరు?

రాత్రి ఇంట్లో
"బూట్లు విప్పి కూర్చో వీబ్కే" అంటాడు చార్క్.
కూర్చుంటాను, నేల మీద, అతని మోకాలి పక్కన.
రోజంతా నిర్ణయాలు మోసిన మెడ
అక్కడ బరువు దించుకుంటుంది.
దాని పేరు సబ్మిసివ్ అయితే అవనీ.

కానీ ఆదివారాలు ముడులు వేసేది నేను.
ఎక్కడ వెయ్యాలో, ఎంత బిగించాలో చెప్పేది అతను.
కట్టించుకునేదీ అతనే!
టాప్ చేతుల పని, డామినెంట్ పగ్గం సంగతి.
నీ గీతకి ఏ పక్కన పెడతావు మమ్మల్ని?

"మరి బానిస?" గొంతు తగ్గించి అడిగాడు.
ఆ మాట ఇష్టపడి వాడుకునే జంట ఈ బల్ల దగ్గరే ఉంది.
వాళ్ళ మాట వాళ్ళది.
నాకు మాత్రం ఆ మాటలో
ఎవరూ అడక్కుండా వేసిన గొలుసులు మోగుతాయి.
నేను వాడను.

పోయిన ఫిబ్రవరిలో ఒకసారి
"లంగరు" అన్నాను.
మా ఇద్దరి మధ్య తప్ప ఆ అర్థం ఇంకెక్కడా లేదు.
చార్క్ చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి.
దుప్పటి కప్పాడు. టీ పెట్టాడు.
ఎందుకని తెల్లారేదాకా అడగలేదు.

రోజూ అతని మాట వినేది నేను.
ఆ రాత్రి
మాట విన్నది ఎవరు?

"అలాంటి మాట ఒకటి ముందు కుదుర్చుకో,
అది ఇంకుతో రాసుకో" అన్నాను,
"మిగతావి పెన్సిల్‌తో."

హౌకే జేబులు తడుముకున్నాడు.
బిల్లు రాసే అమ్మాయి
చెవి వెనక నుంచి తన పెన్సిల్ తీసి ఇచ్చింది,
మళ్ళీ ఇచ్చెయ్యాలి సుమా, అంటూ.