అసిరి నిశాని

టెక్కలి రికార్డు గదిలో గుమస్తా అడిగాడు,
"భూమి తగాదానా అమ్మా?"
కాదన్నాను.
"మరి పింఛనా?"
పోయి వందేళ్ళు దాటిన మనిషికి పింఛనేమిటి!
మా అమ్మమ్మ తల్లి, అన్నాను.
మూట విప్పి, దుమ్ముకి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

నౌపడ ఉప్పు కొఠారు మస్తరు.
ఆడకూలీల వరసలో పదిహేడో పేరు: పోలాకి అసిరి.
రోజుకి రెండణాలు.
ఎదురుగా నల్లటి వేలిముద్ర, పక్కన ఎవరిదో వంకర రాత:
"అసిరి నిశాని."
రెండు పేజీలు తిప్పితే ఆశిరి.
ఇంకో నాలుగు తిప్పితే ఆశీర్వాదమ్మ.
కొత్తగా వచ్చిన గుమస్తాకి మా ఊరి తల్లి పేరు తెలిసుండదు.
ముద్ర మాత్రం మారలేదు,
బొటనవేలికి అడ్డంగా ఒక తెల్లగీత,
తెగిన చోట సిరా అంటలేదు.
ఆ గాయం సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

అమ్మమ్మకి తల్లి గురించి తెలిసింది ఒక్కటే.
"మాయమ్మ కూడు కలిపెడితే
ఉప్పెయ్యక్కర్నేదే గుంటా."
మొహం ఎలా ఉండేదంటే,
"నాకు నాలుగేళ్ళే, ఏటి గుర్తుంటాది" అని
చుట్ట నిప్పు నోట్లోకి తిప్పుకునేది.
ఆ తర్వాత పొగే.

జుల్మానాల పుస్తకంలో మళ్ళీ దొరికింది.
పదిహేడో సంవత్సరం, ఫిబ్రవరి.
కొంగున సేరున్నర ఉప్పు.
పొద్దంతా తాను గోరిపోసిన ఉప్పే.
ఆరణాలు జుల్మానా.
"వసూలు కాలేదు."

చావుల రిజిస్టరుని నాకంటే ముందు చెదలు చదివేశాయి.
పద్దెనిమిది, నవంబరు. కుడి సగమే మిగిలింది.
పేర్లుండాల్సిన చోట అవతలి బల్ల కనపడుతోంది.
వయసు ముప్పై, వయసు ముప్పై, వయసు నలభై.
కారణం జ్వరం, జ్వరం, పైదే, పైదే, పైదే.
చిరిగిన అంచున ఒకే అక్షరం వేలాడుతోంది: "రి".
అసిరి కావచ్చు.
గౌరి కావచ్చు, నరహరి కావచ్చు.

ఈ ముప్పైలు నాకు తెలుసు.
ఇరవై రెండేళ్ళుగా ఏఎన్నెమ్ని.
పోయినాయన వయసెంతంటే
ఇంటోళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు.
నేను యాభై అని రాసుకుంటాను.
ఉద్దానంలో కిడ్నీలు పాడై పోయినవాళ్ళకి
ఎందుకు పాడయ్యాయో ఎవరికీ తెలీదు,
గడి మాత్రం ఉంటుంది.
ఎర్రచుక్క గడి. ఖాళీగా వదిలితే ట్యాబు ముందుకి కదలదు.
జీడితోటల మీంచి వాన వచ్చేస్తుంటుంది,
ఆఖరి బస్సుకి టైమైపోతుంటుంది.
ఏదో ఒకటి నొక్కుతాను.

మూట కట్టబోతూ గుమస్తా ఇంకో పుస్తకం జరిపాడు.
"ఇదీ చూసుకోండి, మళ్ళీ విప్పను."
జుల్మానా బకాయిలు, ఇరవై ఒకటి.
పోలాకి అసిరి, ఆరణాలు.
"మనిషి ఊళ్ళో లేదు. రంగం పోయినట్టు వినికిడి."

జ్వరం వచ్చిన మూడేళ్ళకి.

తలారి వీధి మొదట్నుంచే వెనక్కి తిరిగి
నోటికొచ్చింది చెప్పుండొచ్చు.
ఎండలో అంత దూరం ఎవరు నడుస్తారు!
లేదంటే ఆ "రి" గౌరిది.
ఆరణాలూ, నాలుగేళ్ళ పిల్లా
ఎవరి గుమ్మంలోనో వొగ్గీసి
తెగిన బొటనవేలితో కళింగపట్నంలో ఓడెక్కిన మనిషి ఒకతి
ఐరావతి ఒడ్డున ఎవరికో కూడు కలిపి పెట్టి,
ఎప్పుడో, ఏ పుస్తకంలోనో.

అమ్మమ్మ ఉండుంటే
ఏ కాయితం చూపించేదాన్ని?
జ్వరం కాయితమా, ఓడ కాయితమా?

వెళ్ళేముందు సంతకం చెయ్యాలట.
పేరు రాశాను, ఊరు రాశాను.
పెన్ను మొండికేస్తే బొటనవేలితో విదిలించి
టైము రాశాను.
"వచ్చిన పని" దగ్గర ఆగాను.
గుమస్తా తాళాలు చూసుకుంటున్నాడు.

ఆ గడికి ఎర్రచుక్క లేదు.