నాలుగో మూల

ఆటోనగర్ల యాకూబ్‌మియా కొట్టు ఎనుక
సర్కారు తుమ్మల నడుమ దొరికింది మాకు.
లారీ కాదు, ఇల్లు కాదు.
పాత 407 మీద ఎక్కిచ్చిన రేకుడబ్బా.
హ్యాండిలు తిప్పితె కప్పు పైకి లేసేదట ఒకప్పుడు.
"బొగ్గు ఎతుక్కుంట అడివిల తిరిగినోళ్లది,
దీంట్లనే వండేది, దీంట్లనే పండేది" అన్నడు.
"ఇప్పుడు కందిరీగలు పంటున్నయి."

డెబ్బై రెండు వేలు. చిట్టీ ఎత్తిన పైసలు.
హసన్‌పర్తి అవుతల ప్లాటుకు అడ్వాన్సు అయితుండె గదా అని
మా ఆడిబిడ్డ కనకలచ్చవ్వ మూడు దినాలు మాట్లాడలే.
నాలుగో దినం మాట్లాడింది. మాట్లాడకున్నా బాగుండు.

ఓదేలు ముప్పై ఏండ్లు బోరుబండి తోలిండు.
ఏ ఊర్ల ఎన్ని ఫీట్లకు నీళ్లు పడ్డయో
నిద్రల లేపి అడిగినా చెప్తడు.
ఏ ఊర్ల ఏడ పండుకున్నవంటె మాత్రం
అన్ని ఊర్లకు ఒకటే జవాబు: బండి కింద.
నేను పండుకున్న జాగలు మూడు.
అమ్మగారిల్లు, ఈ ఇల్లు,
ఎంజీఎం దవఖానల పదకొండు రాత్రులు.

ముందుగాల పొగబెట్టి కందిరీగలను ఎల్లగొట్టినం.
ఎమరీ కాయితంతోని జంగు రుద్దుతాంటె
తెలుపు కింద నీలం, నీలం కింద పచ్చ,
దాని కింద పేరు తెల్వని రంగొకటి.
వారం దినాలు నా గోర్లల్ల అవే,
అన్నం కలిపితె వార్నీషు వాసన.

లోపటి చెక్క మీద ఎవరిదో పెన్సిలు రాత:
నలభై రెండు, బూడిద రాయి.
నలభై ఆరు, మెత్తన.
యాభై ఒకటి, ఏం లేదు. వాన.
కింద ఇంకో దినానిది:
ఏం లేదు. వాన. ఉప్పు అయిపోయింది.
ఓదేలు అది సదివి చానాసేపు లేవలే.
"ఈ చెక్కకు రంగెయ్యకు" అన్నడు.

కప్పుకూ డబ్బాకూ నడుమ గోడలు గుడ్డవి,
ముట్టుకుంటె పొడి రాలేటియి.
కొత్తవాడల షత్రంజీలు నేసే రాజనర్సును అడిగితె
"పెండ్లి డేరానా?" అని నవ్విండు.
కొలతలు తీసేటప్పుడు నవ్వు బందైంది.
లేసినప్పుడు గుంజద్దు, దిగినప్పుడు ఇరుకద్దు.
రెండుసార్లు ఇప్పి మూడోసారి కుట్టిండు.
కిటికీ అంచుకు అడగకుండనే
ఎర్ర షత్రంజి పట్టీ ఏసి, దానికి పైసలు తీసుకోలే.

నాలుగు మూలలకు నాలుగు రాడ్లు, ఒక గొలుసు.
మూడింటికి పండ్లచక్రాలు దొరికినయి.
నాలుగోదానికి యాకూబ్‌మియా
ఏదో కోసిండు, ఏదో అతికిచ్చిండు.
"లేస్తది. కని జర ఆలస్యం."
"ఎంత ఆలస్యం?"
"మీకేం తొందర?"

నర్సంపేట దాటినంక
మక్కచేను పక్కకు, అడిగి, ఆపినం మొదటి రాత్రి.
హ్యాండిలు నేనే తిప్పిన.
మూడు మూలలు లేసినయి.
నాలుగోది, తలుపు కాడ మొహమాటపడే సుట్టం లెక్క,
రానా వద్దా అనుకుంట వచ్చింది, సగం దాకనే.

అన్నం దించుతాంటె చేను పటేలు బ్యాటరీ పట్టుకొని వచ్చిండు.
"బోరు బండి గదా? పాయింటు చూస్తరా?"
"కాదు, ఇల్లు" అన్నడు ఓదేలు.
అన్నడు గని, చెప్పులిడిసి ఆయన ఎంట పోనే పోయిండు.
చేనుల ఆ ఎలుగు అటు ఆగుకుంట, ఇటు ఆగుకుంట.
నా అన్నం సల్లారింది.
వచ్చినంక ఒక్కటే మాట: "ఎయ్యకుమని చెప్పిన."

నడిజామున వాన.
నీళ్లన్నీ వంగిన మూలకే నడిసినయి,
గంజు పెట్టిన.
చుక్క చుక్కకూ సప్పుడు మారుతాంటె
ఓదేలు గురక మొదలుపెట్టిండు,
ఇనుము రాయిని తొలిచినట్టు.
ఇన్నేండ్లు ఏ రైతు ఎట్ల పండిండో దాని పక్కన!

సామాన్లల్ల ఎతికితె పెన్సిలు దొరికింది.
నా రాత వంకర. బండే వంకర, ఇంకేంది.
వాన, అని రాసిన.
ఉప్పు ఉన్నది, అని రాసిన.
లోతు కాడ ఏం రాయాల్నో తెల్వలే,
ఓదేలును లేపి అడుగుదామనుకొని
ఊకున్న.